సంఖ్యల వరుస: వీరాంపట్టినం దగ్గర మేము నేర్చుకున్న పాఠం

మా ఎనిమిదో తరగతిలో తెలుగు మాట్లాడేవాళ్లం ఆరుగురం. ఒకరిది యానాం, ఒకరిది విశాఖపట్నం, ఇద్దరిది సికింద్రాబాదు, ఒకరిది కడప, ఇంకొకరిది రాజమండ్రి. అమ్మానాన్నల ఉద్యోగాల బదిలీల వల్ల వేర్వేరు సంవత్సరాల్లో పుదుచ్చేరి వచ్చి ఒకే తరగతిలో కలిశాం. ఈ వ్యాసం మేము ఆరుగురం కలిసి రాశాం.

దీనికి మూలం ఒక ఫోన్ కాల్. మాలో ఒక అమ్మాయి అందరికంటే ఆలస్యంగా, డిసెంబరులో చేరింది. ఇది తనకు ఐదో బడి. చేరిన వారం వాళ్ల అమ్మమ్మ ఫోను చేసింది.

"నంబరు ఎంతొచ్చిందే?"

"రోల్ నంబరు నలభై మూడు అమ్మమ్మా."

"క్లాసులో ఎంతమంది?"

"నలభై ముగ్గురం."

"అయ్యో, అందరికన్నా ఆఖరా? పోయినేడు రెండో ర్యాంకు అన్నావు కదే!"

మరునాడు ఈ సంగతి మాకు నవ్వుతూనే చెప్పింది. కాని ఆ మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. ఏమైందని అడిగితే, "ప్రతి ఊళ్లోనూ జాబితాలో ఆఖరి పేరు నాదే" అంది. మాలో చాలామందికి ఆ మాట కొత్త కాదు. ఏడాది మధ్యలో చేరినవాళ్ల పేరు ఎప్పుడూ చివరే రాస్తారు.

గణితం మేడమ్ ఈ సంగతి విని మమ్మల్ని ఓదార్చలేదు. ఒక పని అప్పగించారు. "ఈ నలభై మూడు ఏ పని చేస్తోందో కనుక్కోండి. సంఖ్యల వరుస అంటే ఏమిటో తెలిస్తే దానికి జవాబు మీకే దొరుకుతుంది. బడి ప్రదర్శనకు అదే మీ అంశం" అన్నారు.

ఒకే సంఖ్య, మూడు పనులు

మేము ముందుగా తేల్చిన విషయం ఇది. ఒకే సంఖ్యను మనం మూడు రకాలుగా వాడతాం.

మొదటిది లెక్క. "తరగతిలో 43 మంది ఉన్నారు" అన్నప్పుడు 43 ఎంతమందో చెబుతుంది. ఇక్కడ కూడికలు, తీసివేతలు చెల్లుతాయి. ఇద్దరు బదిలీ మీద వెళ్లిపోతే 41 మంది మిగులుతారు.

రెండోది వరుస. "పరుగు పందెంలో మూడో స్థానం" అన్నప్పుడు ఆ మూడు ఎన్నో చోటో చెబుతుంది. తెలుగులో దీనికి ఒక చిన్న గుర్తు ఉంది. మూడు, మూడో, ఐదు, ఐదో. చివర చేరిన ఆ 'ఓ' చప్పుడే లెక్కను వరుసగా మారుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి వాటిని క్రమసూచక సంఖ్యలంటారు.

మూడోది గుర్తు. బస్సు నంబరు, ఫోను నంబరు, పడవ పక్కన రంగుతో రాసిన నంబరు ఈ రకం. పుదుచ్చేరి పిన్‌కోడ్ 605001, విశాఖపట్నానిది 530001. 605001 పెద్ద సంఖ్య కాబట్టి పుదుచ్చేరి విశాఖ కంటే పెద్ద ఊరు అనగలమా? అనలేం. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే. అయినా దాని పిన్‌కోడ్ 533464, అంటే 6తో కాక 5తో మొదలవుతుంది. పిన్‌కోడ్‌లో మొదటి అంకె తపాలా మండలాన్ని చెబుతుంది కాని ఊరి పరిమాణాన్ని కాదు.

ఏ సంఖ్య ఏ పని చేస్తోందో తెలుసుకోవడానికి మేము రెండు ప్రశ్నలు పెట్టుకున్నాం. వీటిని కూడితే అర్థం ఉంటుందా? ఉంటే అది లెక్క. కూడితే అర్థం లేకపోయినా, చిన్నది పెద్దది అని పోలిస్తే అర్థం ఉంటుందా? ఉంటే అది వరుస. రెండింటికీ అర్థం లేకపోతే అది వట్టి గుర్తు.

మరి రోల్ నంబరు 43? మా జాబితాలో 1 నుంచి 42 దాకా పేర్లు ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉన్నాయి. 43 మాత్రం చేరిన తేదీని బట్టి వచ్చింది. అంటే ఒకే జాబితాలో రెండు నియమాలు కలిశాయి. అదే జాబితాను అ, ఆ, ఇ, ఈ క్రమంలో రాస్తే పేర్లన్నీ చోట్లు మారతాయి. మేము సరదాకి రాసి చూశాం. మా రోల్ నంబరు 1 ఏకంగా ఇరవైలోకి వెళ్లిపోయాడు. మనుషులు వాళ్లే, మారింది నియమం.

మా మొదటి పాఠం ఇదే: వరుస కంటే ముందు నియమం ఉంటుంది. "ఎన్నోది?" అని అడిగే ముందు "దేని ప్రకారం?" అని అడగాలి.

కంప్యూటరు చేసిన తమాషా

ప్రదర్శన కోసం తీసిన పన్నెండు ఫొటోలను ల్యాబు కంప్యూటరులో ఫొటో1, ఫొటో2 అంటూ ఫొటో12 దాకా పేర్లు పెట్టి దాచాం. తెరిచి చూస్తే వరుస 1, 10, 11, 12, 2, 3 అని వచ్చింది. కంప్యూటరు పాడైందనుకున్నాం. పాడవలేదు. అది వాటిని సంఖ్యలుగా చదవలేదు, నిఘంటువులో మాటల్లాగా ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరం పోల్చింది. '1'తో మొదలైనవన్నీ అయ్యాకే '2' వచ్చింది. 01, 02 అని పేర్లు మార్చాక వరుస కుదిరింది.

మనం పూర్ణాంకాలను పోల్చేటప్పుడు ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వచ్చేలా కుడి అంచు సరిచేస్తాం. 2లో పదులు లేవు, 10లో ఒక పది ఉంది. కాబట్టి 2 చిన్నది. దశాంశాల దగ్గర మాత్రం బిందువును సరిచేయాలి. 3.5, 3.12లలో ఏది పెద్దది? పన్నెండు ఐదు కంటే పెద్దది కాబట్టి 3.12 అనేవాళ్లు మా తరగతిలోనే ఉన్నారు, మాతో సహా. బిందువు తర్వాత మొదటి చోటు పదో వంతులది. 3.5లో అలాంటివి ఐదు, 3.12లో ఒకటే. కాబట్టి 3.5 పెద్దది. అంకెలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఏ స్థానంలో ఉన్నాయన్నది చూడాలి.

చిన్నది, పెద్దది: గణితం పెట్టిన నియమాలు

గణితంలో "a కంటే b పెద్దది" అంటే, aకు ఏదో ఒక ధన సంఖ్యను కలిపితే b వస్తుందని అర్థం. 3కు 4 కలిపితే 7 వస్తుంది. కాబట్టి 3 < 7. ఈ ఒక్క నిర్వచనం నుంచి మిగతా ధర్మాలన్నీ వస్తాయి.

ఒకటి, ఏ రెండు సంఖ్యలు తీసుకున్నా మూడింటిలో ఒక్కటే నిజం: మొదటిది చిన్నది, లేదా రెండూ సమానం, లేదా మొదటిది పెద్దది.

రెండు, a < b, b < c అయితే a < c. దీన్ని సంక్రమణ ధర్మం అంటారు. ఇది అన్నిచోట్లా ఉంటుందనుకోకండి. రాయి, కాగితం, కత్తెర ఆట చూడండి. కాగితం రాయిని గెలుస్తుంది, కత్తెర కాగితాన్ని గెలుస్తుంది, కాని రాయి కత్తెరను గెలుస్తుంది. అందుకే ఆ మూడింటినీ వరుసలో నిలబెట్టలేం, గుండ్రంగా తిరుగుతాయి.

మూడు, రెండు వైపులా ఒకే సంఖ్యను కలిపితే వరుస మారదు. ధన సంఖ్యతో గుణించినా మారదు. ఋణ సంఖ్యతో గుణిస్తే మాత్రం తలకిందులవుతుంది. 2 < 5, కాని -2 > -5. ఇలా ఎందుకవుతుందో పుస్తకంలో చదివినప్పుడు మాకు అంతగా పట్టుబడలేదు. వీరాంపట్టినం వెళ్లాక అర్థమైంది.

నేల కింద ఉన్న వరుస

వీరాంపట్టినం పుదుచ్చేరికి దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. ఆడి మాసంలో శెంగళునీర్ అమ్మన్ రథోత్సవానికి పేరు పొందింది. ఆ ఊరి దగ్గరే అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. ఒక శనివారం మేమంతా మేడమ్‌తో కలిసి అక్కడికి వెళ్లాం. ఇప్పుడు చూడటానికి చెట్ల తోట, ఒక దిబ్బ, పాత ఫ్రెంచి మిషన్ భవనం గోడలు, అంతే. రెండు వేల ఏళ్ల కిందట ఇది రోమ్‌తో వ్యాపారం చేసిన రేవు. ఇక్కడ గాజుపూసలు, రాతిపూసలు తయారయ్యేవి.

1937లో జూవో దుబ్రెయ్ అనే ఫ్రెంచి పండితుడు ఈ ఊరి పిల్లల దగ్గర కొన్ని పాత పూసలు, రాళ్లు కొన్నాడు. ఇక్కడ దొరికిన ఒక రాతి మీద చెక్కిన ముఖం రోమన్ చక్రవర్తి ఆగస్టస్‌దని ఆయన భావించాడు. అంటే ఇంత పెద్ద చరిత్రకు దారి చూపినవాళ్లలో మా వయసు పిల్లలు కూడా ఉన్నారన్నమాట. 1945లో భారత పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ తర్వాత 1940ల చివర ఫ్రెంచివాడైన కజాల్, 1989 నుంచి 1992 దాకా విమలా బేగ్లీ బృందం తవ్వారు.

తవ్వకంలో పాటించే పద్ధతి మా అంశానికి సరిగ్గా సరిపోయింది. నేల పొరలు పొరలుగా పేరుకుంటుంది. కింది పొర ముందు పడింది, పై పొర తర్వాత పడింది. 1669లోనే స్టెనో అనే శాస్త్రవేత్త ఈ సూత్రాన్ని చెప్పాడు. తవ్వేవాళ్లు పై నుంచి దిగుతారు కాబట్టి పై పొరకు 1, దాని కింది దానికి 2, ఇలా నంబర్లు ఇస్తూ పోతారు. ఇక్కడ గమనించండి. పొర నంబరు పెరిగేకొద్దీ కాలం వెనక్కి పోతుంది. 5వ పొర 2వ పొర కంటే పెద్ద నంబరు, కాని కాలంలో ముందుది. రెండు వరుసలు, ఒకటి ఇంకొకదానికి తలకిందులు. 2 < 5 అయినప్పుడు -2 > -5 అంటే ఏమిటో మాకు అక్కడ తెలిసింది. లోతును కొలిచే రేఖను తిప్పి పట్టుకుంటే కాలాన్ని చూపే రేఖ అవుతుంది.

మరి ఏ పొర ఏ కాలానిది? అరికమేడులో ఇటలీలోని అరెట్జోలో తయారైన ఎర్రని మెరుపు పాత్రల ముక్కలు దొరికాయి. ఇటలీలో అలాంటి పాత్రలు ఏ కాలంలో చేశారో అప్పటికే తెలుసు. కాబట్టి అవి ఉన్న పొర క్రీ.శ. 1వ శతాబ్దపు తొలి భాగానికి దగ్గరిదని వీలర్ లెక్క కట్టాడు. అక్కడే లోపల చక్రాల గీతలున్న మరో రకం పాత్రలు కూడా దొరికాయి. వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వినప్పుడు ఆ గీతల పాత్రలు మళ్లీ కనిపించాయి. దాంతో అక్కడి ఆంధ్ర, అంటే శాతవాహనుల నాటి, పొరల కాలం తేల్చడానికి దారి దొరికింది. అరెట్జో నుంచి అరికమేడుకు, అరికమేడు నుంచి బ్రహ్మగిరికి. సంక్రమణ ధర్మం మూడు ఊళ్ల మీదుగా నడిచింది. అలాంటి గీతల పాత్రలే మన అమరావతిలోనూ, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలోనూ బయటపడ్డాయి.

తర్వాతి పరిశోధకులు వీలర్ చెప్పిన తేదీలను సవరించారు. ఊరి ఆరంభాన్ని ఇంకా వెనక్కి జరిపారు. తేదీలు మారినా, కదలని నేలలో కింది పొర ముందుదన్న సూత్రం మారలేదు. సంవత్సరం తెలియకపోయినా వరుస తెలియవచ్చు. కొలత దొరకని చోట కూడా వరుస దొరుకుతుంది.

గుంత తవ్వితే ఏమవుతుంది?

తవ్విన చోట్లు ఇప్పుడు పూడి ఉన్నాయి కాబట్టి పొరలు మా కంటికి కనబడలేదు. బడికి వచ్చి ఒక గాజు సీసాలో ఇసుక, ఎర్రమట్టి, రంపపు పొట్టు, మళ్లీ ఇసుక పొరలుగా పోశాం. ప్రతి పొరలో ఒక గుండీ వేశాం. తర్వాత స్ట్రాతో పై నుంచి అడుగుదాకా ఒక గుంత చేసి, అందులో కొత్త రూపాయి వేసి, పై ఇసుకతో పూడ్చాం. ఇప్పుడు రూపాయి అన్నిటికంటే కింద ఉంది. కాని అన్నిటికంటే ఆఖరున పడింది అదే!

అరికమేడులో నిజంగా జరిగింది ఇదే. పాత గోడల పెద్ద ఇటుకల కోసం జనం ఎన్నో చోట్ల గుంతలు తవ్వారు. ఆ గుంతల్లో పైవి కిందికి, కిందివి పైకి వచ్చాయి. అందుకే తవ్వేవాళ్లు లోతును మాత్రమే చూడరు. వస్తువు పొరలో ఉందా, పొరను కోసిన గుంతలో ఉందా అని ముందు చూస్తారు. లోతు వరుస, కాలం వరుస ఒకటేనని గుడ్డిగా నమ్మకూడదు.

సీసాలో ఇంకో గుంత కూడా చేశాం, మొదటి దానికి తగలకుండా. ఇంకొక జట్టును పిలిచి, "ఈ రెండింటిలో ఏది ముందు చేశాం?" అని అడిగాం. ఎవరూ చెప్పలేకపోయారు. రెండు గుంతలూ అన్ని పొరల కంటే తర్వాతివని చెప్పవచ్చు. కాని వాటిలో ఏది ముందో సీసా చూసి చెప్పడానికి ఆధారం లేదు. గణితంలో ఇలాంటి దాన్ని పాక్షిక క్రమం అంటారు. కొన్ని జంటలను పోల్చగలం, కొన్నింటిని పోల్చలేం. సంఖ్యలు అలా కావు, ఏ రెండింటినైనా పోల్చవచ్చు. కాని లోకంలోని ప్రతిదీ సంఖ్యల్లాగా ఒకే గీత మీద నిలబడదు.

మా చార్టులో తప్పు

ఇంత తెలుసుకున్నాక కూడా ఒక తప్పు చేశాం. ప్రదర్శన చార్టు మీద కాలక్రమం ఇలా రాశాం: క్రీ.పూ. 1వ శతాబ్దం, క్రీ.పూ. 2వ శతాబ్దం, క్రీ.శ. 1వ శతాబ్దం. రంగులు వేసి గోడకు అంటించాం కూడా. మాలో ఒకరి తమ్ముడు, ఆరో తరగతివాడు, చూసి, "అక్కా, క్రీ.పూ. రెండు ముందు రావాలి కదా? మా పుస్తకంలో సంఖ్యారేఖ మీద ఎడమకు పోయేకొద్దీ చిన్నవి" అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

వాడన్నది నిజమే. క్రీస్తు పూర్వపు సంవత్సరాలు ఋణ సంఖ్యల్లా నడుస్తాయి. అంకె పెద్దదయ్యేకొద్దీ కాలం పాతది. వీరాంపట్టినం పడవవాళ్ల వల ఐదు మీటర్ల లోతులో ఉంటే -5, పన్నెండు మీటర్ల లోతులో ఉంటే -12. పన్నెండు పెద్ద అంకె, కాని -12 కిందిది. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో ధన, ఋణ, శూన్యాలతో లెక్కలు చేసే నియమాలు ఇచ్చాడు. ఋణం అంటే అప్పు. యాభై రూపాయల అప్పున్నవాడు ఇరవై రూపాయల అప్పున్నవాడి కంటే పేదవాడు. -50 < -20.

అయితే సంవత్సరాలకూ సంఖ్యారేఖకూ ఒక తేడా ఉంది. చరిత్రలో 0వ సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 అయిపోగానే క్రీ.శ. 1 వస్తుంది. ఆగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 63 సెప్టెంబరులో పుట్టి, క్రీ.శ. 14 ఆగస్టులో చనిపోయాడు. అతని వయసెంత? 63, 14 కలిపితే 77. సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒకటి తీసేస్తే 76. ఆ ఏడు పుట్టినరోజు ఇంకా రాలేదు కాబట్టి ఇంకొకటి తీసేయాలి. 75 ఏళ్లు. సంఖ్యారేఖ మీద ఒక్క చోటు లేకపోతే లెక్క ఎలా మారుతుందో చూశారా!

వరుస తెలిస్తే దూరం తెలిసినట్టేనా?

వీరాంపట్టినం పాత ఇటుకల గురించి తొలిసారి రాసినవాళ్లలో గియోమ్ లె జాంతీ ఒకడు. ఆయన పురావస్తు పండితుడు కాదు, ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చుక్కలా దాటిపోవడాన్ని పరిశీలించడానికి 1760లో పుదుచ్చేరికి బయలుదేరాడు. దారిలో మాహే దగ్గరికి వచ్చేసరికి పుదుచ్చేరి ఇంగ్లిషువారి చేతికి పోయిందని తెలిసింది. ఓడ వెనక్కి తిరిగింది. 1761 జూన్ 6న శుక్రుడు సూర్యుణ్ణి దాటుతున్నప్పుడు ఆయన నడిసముద్రంలో ఉన్నాడు. ఊగే ఓడ మీద సరైన కొలతలు తీయలేకపోయాడు.

తర్వాతి అవకాశం 1769లో. ఎనిమిదేళ్లు తూర్పు సముద్రాల్లోనే ఉండి, పుదుచ్చేరి చేరి, ఇక్కడ పరిశీలనశాల కట్టుకున్నాడు. 1769 జూన్ 4 ఉదయం, సరిగ్గా ఆ సమయానికి, మబ్బు కమ్మింది. ఏమీ కనిపించలేదు. 1771లో ఇంటికి చేరేసరికి ఆయన చనిపోయాడనుకుని వారసులు ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు. విజ్ఞాన అకాడమీలో ఆయన చోటు వేరొకరికి ఇచ్చేశారు.

ఆ తర్వాతి దానికోసం ఆయన ఎందుకు ఆగలేదు? ఈ సంవత్సరాలు చూడండి: 1761, 1769, 1874, 1882, 2004, 2012, ఇక ముందు 2117. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 8 ఏళ్లు. రెండోదానికీ మూడోదానికీ మధ్య 105 ఏళ్లు! తర్వాత 8, తర్వాత 122, మళ్లీ 8, మళ్లీ 105. మొదటిది, రెండోది, మూడోది అని చదువుతుంటే అన్నీ సమాన దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. వరుస చెప్పేది ఏది ముందు అన్నది మాత్రమే. ఎంత ముందు అన్నది కొలిస్తేనే తెలుస్తుంది.

ర్యాంకులు కూడా ఇంతే. ఒక పరీక్షలో మార్కులు 98, 97, 61 వచ్చాయనుకోండి. ర్యాంకులు 1, 2, 3. ఒకటికీ రెండుకూ తేడా ఒక్క మార్కు, రెండుకూ మూడుకూ తేడా ముప్పై ఆరు. ఇంకో బడిలో 75, 74, 73 వచ్చినవాళ్లు కూడా 1, 2, 3లే. బదిలీ మీద ఒక బడి నుంచి ఇంకో బడికి వచ్చిన మనం, "అక్కడ రెండో ర్యాంకు, ఇక్కడ ఏడో ర్యాంకు" అని బెంగపడతాం. రెండు వేర్వేరు వరుసల్లోని చోట్లను పోల్చడం రెండు వేర్వేరు గుంతల్లోని లోతులను పోల్చడం లాంటిది.

'తర్వాతిది' లేని వరుస

ఇటలీ గణితవేత్త పేయానో 1889లో సహజ సంఖ్యలకు నియమాలు రాస్తూ 'తర్వాతి సంఖ్య' అన్న భావాన్ని పునాదిగా తీసుకున్నాడు. 1 తర్వాత 2, 2 తర్వాత 3. ప్రతిదానికీ ఒక ఉత్తర సంఖ్య ఉంటుంది. మరి 1/2 తర్వాతి భిన్నం ఏది? 2/3 అంటారా? లవాలు కూడి, హారాలు కూడి చూడండి: 3/5. ఇది 1/2 కంటే పెద్దది, 2/3 కంటే చిన్నది. 1/2కూ 3/5కూ మధ్య మళ్లీ 4/7 ఉంది. ఇలా ఎంత దగ్గరికి వెళ్లినా మధ్యలో ఇంకొకటి దొరుకుతూనే ఉంటుంది. భిన్నాల్లో ముందు వెనకలు ఉన్నాయి, 'వెంటనే తర్వాతిది' మాత్రం లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు చివరే చోటు అన్న రూలు సంఖ్యల్లో లేదన్నమాట. ఏ రెండింటి మధ్యనైనా చోటుంది.

మళ్లీ నలభై మూడు

ప్రదర్శన రోజు మా బల్ల దగ్గర గాజు సీసా, సరిచేసిన చార్టు, పిన్‌కోడ్ల పట్టిక పెట్టాం. వచ్చినవాళ్లకు వివరించే పని నలభై మూడో నంబరు అమ్మాయే తీసుకుంది. సాయంత్రం వాళ్ల అమ్మమ్మకు తనే ఫోను చేసింది. మేమూ పక్కనే ఉన్నాం.

"అమ్మమ్మా, మీ ఇంటి నంబరు ఎంత?"

"పన్నెండు బై నాలుగు. ఎందుకే?"

"అంటే వీధిలో పదకొండు ఇళ్లు మీకన్నా గొప్పవా?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అమ్మమ్మ గట్టిగా నవ్వింది. "చాల్లే గడుగ్గాయి! అన్నం తిన్నావా?" అంది.

ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి కొత్త జాబితా వచ్చింది. పేర్లన్నీ మళ్లీ అక్షరక్రమంలో రాశారు. తన నంబరు 9. అయినా ఆ సంగతి తను అమ్మమ్మకు చెప్పలేదు. తొమ్మిదో ర్యాంకు అనుకుంటుందేమో అని! జూలైలో భోపాల్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. అతని పేరు చివర రాశారు. తను వెళ్లి అతని పక్కన కూర్చుని, "నీ నంబరు దేని ప్రకారం వచ్చిందో తెలుసా?" అని మొదలుపెట్టింది.

మీరే చేసి చూడండి

1. ఆరోహణ క్రమంలో రాయండి: 3.9, -3.09, 3.19, -3.9, 3.09.

2. వీటిలో 2 ఏ పని చేస్తోంది: 2 ఇడ్లీలు, రెండో బహుమతి, 2వ నంబరు ప్లాట్‌ఫారం?

3. 5/7, 7/10లలో ఏది పెద్దది? వాటి మధ్య ఉండే ఒక భిన్నం చెప్పండి.

4. ఒక రాజు క్రీ.పూ. 20లో పుట్టి, క్రీ.శ. 30లో పుట్టినరోజు దాటాక చనిపోయాడు. అతని వయసెంత?

5. మీరు చదివిన బడులను మూడు వేర్వేరు నియమాల ప్రకారం వరుసలో రాయండి. మూడు జాబితాల్లోనూ ఒకే చోట నిలిచిన బడి ఏదైనా ఉందా?

జవాబులు: 1) -3.9, -3.09, 3.09, 3.19, 3.9. 2) లెక్క, వరుస, గుర్తు. 3) 5 × 10 = 50, 7 × 7 = 49 కాబట్టి 5/7 పెద్దది; మధ్యలో 12/17. 4) 20 + 30 - 1 = 49 ఏళ్లు. 5) ఈ జవాబు మీ దగ్గరే ఉంది.